కల రావడం వేరు, గుర్తుండడం వేరు

చిరంజీవికి ఆశీస్సులు.

బి విటమిన్లపై నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. శైలి హాయిగా ఉంది గాని, "బి6 వేసుకుంటే కలలు వస్తాయి" అన్న మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. 2018లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో నూరుమంది పాల్గొన్నారు. వరుసగా ఐదు రాత్రులు పడుకునే ముందు కొందరు 240 మిల్లీగ్రాముల బి6, కొందరు బి కాంప్లెక్స్, మిగిలినవారు మందు లేని మాత్ర వేసుకున్నారు. బి6 వేసుకున్నవారికి కలల్లోని సంగతులు మరింతగా గుర్తున్నాయే తప్ప, ఆ కలల స్పష్టతలోగాని, వింతదనంలోగాని, రంగుల్లోగాని చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి నీ వాక్యంలో ఉండవలసిన క్రియ "వస్తాయి" కాదు, "గుర్తుండవచ్చు".

అంతకుముందు, 2002లో, పన్నెండుమందితో జరిగిన చిన్న ప్రయోగంలో కలలు మరింత ప్రస్ఫుటంగా ఉన్నాయని తేలింది. నీవు దాన్ని మాత్రమే ఉటంకించావు. రెండూ పక్కపక్కన పెట్టు. ఆ పొసగకపోవడమే నీ వ్యాసానికి ప్రాణం.

కారణం వివరించేటప్పుడు మరింత నెమ్మదిగా నడవాలి. ఆహారంలో దొరికే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి మెదడులో సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం తయారయ్యే క్రమంలో ఒక ఎంజైముకు బి6 తోడు కావాలి, ఇంతవరకు రూఢి. ఆ సెరటోనిన్ రాత్రి తొలి భాగంలో రెమ్ నిద్రను, అంటే కళ్లు వేగంగా కదులుతూ కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశను, అణచగా, అది తెల్లవారుజామున పుంజుకుని కలలను పెంచుతుందన్నది ఊహ మాత్రమే. ఇంకొకటి కూడా ఆలోచించు: మధ్యమధ్య మెలకువ వచ్చేవారికి కలలు ఎక్కువగా గుర్తుంటాయి. ఆ 2018 అధ్యయనంలోనే బి కాంప్లెక్స్ వేసుకున్నవారు నిద్ర సరిగా పట్టలేదనీ, అలసటతో లేచామనీ చెప్పారు. "విటమిన్లు నిద్రకు మేలు" అన్న నీ ఉపశీర్షిక ఆ ముక్క ముందు ఎలా నిలుస్తుంది?

బి12 పేరా తీసెయ్యి, అది వేరే వ్యాసం.

ఇక మోతాదు. పెద్దలకు రోజుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల బి6 చాలు. 240 అంటే దానికి నూట ఎనభై రెట్ల పైమాటే. అమెరికా నిర్ణయించిన గరిష్ఠ పరిమితి రోజుకు 100 మిల్లీగ్రాములు కాగా, ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో తన పరిమితిని 12కే తగ్గించింది. ఎక్కువ మోతాదు చాలాకాలం వాడితే నరాలు దెబ్బతిని, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కుతాయి. కలల ఊసు చదవగానే మాత్రల కోసం బయలుదేరే పాఠకులుంటారు, వారు నీ చివరి పేరా దాకా రారు. సవరించిన ప్రతి అందగానే, ఈ హెచ్చరిక ఎన్నో వాక్యంలో ఉందో ముందు అదే చూస్తాను.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి