బొగ్గు లెక్క లేని యుద్ధకథ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ ఆసాంతం చదివాను. మొదటి ప్రపంచయుద్ధంలో, 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించిన ఘట్టం బాగా వచ్చింది. కానీ నీ కథానాయిక ఎమ్డెన్ కాదు. ఆగస్టు 4న, జపాన్, కొరియాల మధ్యనున్న సుషిమా జలసంధి దగ్గర అది పట్టుకున్న రష్యన్ ఓడ రియాజాన్. ప్రయాణికులనూ సరుకునూ టపానూ మోసుకునే ఓడ అది. దాన్ని యుద్ధనౌకగా మార్చిన తీరును ఒక్క వాక్యంలో తేల్చేశావు. నాకు కోపం వచ్చింది అక్కడే.

చైనా తీరంలో అప్పట్లో జర్మనీ చేతిలో ఉన్న చింగ్‌తావ్ రేవులో జరిగింది చూడు. కార్మొరాన్ అనే పాత జర్మన్ యుద్ధనౌక ఇక సముద్రానికి పనికిరాని స్థితిలో ఉంది. దాని 8 ఫిరంగులను, చివరికి దాని పేరును కూడా రియాజాన్‌కు తగిలించి, ఆగస్టు 10న సముద్రంలోకి వదిలారు. అంటే వారం కూడా పట్టలేదు! నిన్నటిదాకా ప్రయాణికులు తిరిగిన డెక్కు మీద ఫిరంగి ఎక్కితే, పేలినప్పటి అదురును ఆ డెక్కు తట్టుకోవాలి. గుండ్లు దాచే చోటు కావాలి, వాటిని పైకి అందించే దారి కావాలి. రాత్రింబవళ్లు ఆ పని చేసిన చేతులను నాకు చూపించు. ‘వీరోచితం’ అన్న మాట కొట్టెయ్యి, దాని అవసరమే రాదు.

నువ్వు అసలు ముట్టుకోనిది బొగ్గు. జపాన్ కూడా జర్మనీ మీద యుద్ధంలోకి దిగాక ఆ ఓడకు నమ్మకంగా చేరే రేవు లేకుండా పోయింది. పసిఫిక్‌లో నెలల తరబడి తిరిగినా ఒక్క శత్రునౌకనూ పట్టలేదు. డిసెంబరు 14న, బొగ్గు అడుగంటి, అమెరికా ఏలుబడిలోని గువాం దీవి చేరింది. కావలసినంత బొగ్గు ఇవ్వడానికి అక్కడి గవర్నరు ఒప్పుకోలేదు. మూడు వందలకు పైగా మనుషులు రెండేళ్లు దాటి అక్కడే చిక్కుబడిపోయారు. పోరాటం లేదు కాబట్టి ఆ భాగం కుదించానన్నావు. నాయనా, కథంతా అక్కడే ఉంది. వేటకు బయలుదేరినవాళ్లు కట్టేసిన ఓడలో ఏ కబురు కోసం ఎదురుచూశారో, ఎవరి మీద విసుక్కున్నారో ఊహించు.

అమెరికా జర్మనీ మీద యుద్ధం ప్రకటించిన మర్నాడు, 1917 ఏప్రిల్ 7న, ఓడను అప్పగించమన్నారు. కెప్టెన్ సుక్‌ష్వెర్ట్ దాన్ని పేల్చి ముంచేశాడు. అందులో చనిపోయిన అతని మనుషులను అప్పటికే శత్రువులైన అమెరికన్లు సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. దీన్ని నువ్వు రాయకపోతే ఎట్లా?

మద్రాసు ఘట్టాన్ని ఇప్పుడు కదపకు. గువాం భాగాన్ని పెంచి, ముందు అది ఒక్కటీ నాకు పంపు.