మీ అమ్మ నిప్పట్లకు ఆన్‌లైన్ కొట్టు

అల్లుడికి మామ ఆశీస్సులు.

మీ అమ్మ వంటలు ఆన్‌లైన్‌లో అమ్మడానికి ఏ కార్ట్ సాఫ్ట్‌వేర్, అంటే సైట్‌లో ఆర్డర్లు, డబ్బు తీసుకునేది, తీసుకోవాలని అడిగావు. నువ్వు పంపిన డెమోలన్నీ చూశాను. చూడ్డానికి బాగానే ఉన్నాయి గానీ, అన్నీ చొక్కాలు, చెప్పులు అమ్మేవాళ్ల కోసం చేసినట్టున్నాయి. చొక్కా ఈ నెల పోకపోతే వచ్చే నెల పోతుంది. ఓళిగలు (బొబ్బట్లు) అలా కాదు కదా. అందుకని రంగులూ బొమ్మలూ పక్కన పెట్టి బరువు, పిన్‌కోడ్, రోజుకు ఎంత వండగలమన్నది, ఈ మూడింటినీ ఆ సాఫ్ట్‌వేర్ ఎలా చూసుకుంటుందో కనుక్కో.

డబ్బు పోయేదంతా బరువు దగ్గరే. కొరియర్ వాళ్లు సాధారణంగా అర కేజీ శ్లాబుల్లో వసూలు చేస్తారు. చెనిక్కాయ పొడి అర కేజీ ప్యాకెట్‌కు సాఫ్ట్‌వేర్‌లో 500 గ్రాములని రాశావనుకో. కవరు, అట్టపెట్టె, టేపు కలిసేసరికి 500 దాటిపోతుంది. కస్టమర్ దగ్గర నువ్వు అర కేజీకి తీసుకుంటావు, కొరియర్ వాడు నీ దగ్గర కేజీకి తీసుకుంటాడు. కాబట్టి ప్యాక్ చేసి, కాటా మీద పెట్టి, ఆ బరువే ఎక్కించు. నిప్పట్లది ఇంకో తంటా. విరక్కుండా చేరాలంటే పెద్ద పెట్టె కావాలి. 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 15 ఎత్తు ఉన్న పెట్టె తీసుకో. మూడూ గుణిస్తే 9000. పెట్టె సైజును బరువుగా లెక్కెయ్యడానికి చాలా కొరియర్లు దాన్ని 5000తో భాగిస్తాయి, 1.8 కేజీలు వస్తుంది. అంటే లోపల అర కేజీ నిప్పట్లే ఉన్నా రెండు కేజీల రేటు పడుతుంది. అందుకే ఒక్కో వస్తువుకు బరువు మనమే పెట్టుకుని, శ్లాబును బట్టి, రాష్ట్రాన్ని బట్టి డెలివరీ చార్జీ మార్చుకునే వీలు లేకపోతే, ఆ సాఫ్ట్‌వేర్ ఊరికే ఇచ్చినా వద్దు.

పొడులు ఢిల్లీకైనా పంపొచ్చు. ఓళిగలు మాత్రం మర్నాటికి చేరే ఊళ్లకే తెరువు: 516తో మొదలయ్యే మన కడప పిన్‌కోడ్‌లు, 515 అనంతపురం, 560 బెంగళూరు. పిన్‌కోడ్ అడ్డుకట్ట చాలా కార్టుల్లో ఏదో రకంగా ఉంటుంది. అయితే అది మొత్తం కొట్టుకా, ఒక్కో వస్తువుకు విడిగానా అన్నది అడుగు. విడిగా కావాలంటే నెలనెలా ఇంకో యాప్‌కు కట్టమంటారు చూడు.

రోజుకు ఇన్ని ఆర్డర్లే అని ఆపే ఏర్పాటు కూడా ఉండాలి. సంక్రాంతి ముందు అరిసెలకు ఎవరడిగినా మీ అమ్మ కాదనదు, రాత్రంతా పొయ్యి దగ్గరే కూర్చుంటుంది. కాదనే పని సాఫ్ట్‌వేరే చెయ్యాలి. ఇంకోటి, పావు కేజీ, అర కేజీ, కేజీ ప్యాకెట్లన్నీ ఒకే డబ్బాలోంచి కడతారు కదా. చాలా కార్టులు మూడింటినీ మూడు వేర్వేరు సరుకులుగా లెక్కేస్తాయి. డబ్బా ఖాళీ అయినా కేజీ ప్యాకెట్ ఉందనే చూపిస్తాయి. దీనికి మార్గం ఉందో లేదో డెమోలోనే తేల్చుకో.

ఇక పేర్ల సంగతి. షాపిఫై అద్దె ఇల్లు లాంటిది, నెలనెలా కట్టాలి గానీ రిపేర్లు వాళ్లే చూసుకుంటారు. వూకామర్స్ ఉచితమే, వెబ్‌సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ మీద నడుస్తుంది. హోస్టింగ్ (సైట్‌ను ఉంచే సర్వర్), అప్‌డేట్లు, బ్యాకప్ అన్నీ మన నెత్తినే. సాయంత్రం దాకా ఆఫీసులో ఉండేవాడివి, మధ్యాహ్నం చెక్‌అవుట్ (డబ్బు కట్టే పేజీ) ఆగిపోతే ఎవరు చూస్తారు? కాబట్టి షాపిఫైతోనే మొదలుపెట్టమంటాను. ఖర్చు మాత్రం ముందే లెక్కేసుకో. వాళ్ల సొంత పేమెంట్ సర్వీసు మన దేశంలో లేదు. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ లాంటి గేట్‌వే పెట్టుకోవాలి. బేసిక్ ప్లాన్‌లో అందుకు షాపిఫై 2 శాతం తీసుకుంటుంది. గేట్‌వే కూడా 2 శాతం తీసుకుని దానిమీద 18 శాతం జీఎస్టీ వేస్తే, 500 రూపాయల ఆర్డరు మీద మొత్తం 21.80 పోతుంది, నెల అద్దె కాక. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు. ఒక పండగ సీజన్ గడిచేదాకా నెల ప్లానే ఉంచు. డొమైన్ పేరు, అంటే సైట్ అడ్రసు, నీ సొంత ఈమెయిల్ మీద కొను, వెబ్‌సైట్ చేసే కుర్రాడి పేరు మీద వద్దు. రేపు వాడితో చెడితే కొట్టు పేరే పోతుంది.

క్యాష్ ఆన్ డెలివరీ పెట్టకు. దీని మీద నాతో వాదించొద్దు. వెనక్కొచ్చిన చీర మళ్లీ అమ్ముకోవచ్చు, వెనక్కొచ్చిన కజ్జికాయలు ఎవరికి అమ్ముతావు?

జీఎస్టీ విషయం ఆడిటర్‌తో కూర్చుని మాట్లాడు. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ చెబుతారు. అది రాష్ట్రం లోపలి మాట. పన్ను ఉన్న సరుకు బెంగళూరుకో హైదరాబాద్‌కో అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పదు. బిల్లులో ఇక్కడివాళ్లకు సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా), బయటి రాష్ట్రాలవాళ్లకు ఐజీఎస్టీ అదంతట అదే పడాలి. రేటు మార్చడమూ తేలికగా ఉండాలి. ప్యాకెట్ నమ్కీన్ మీద 12 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబర్ 22న 5కు దిగింది, ఇలాంటివి వస్తూనే ఉంటాయి. ఆహార లైసెన్సులిచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల 14 అంకెల నంబరు లేబుల్ మీద ఎలాగూ వేస్తావు, సైట్‌లో కూడా కనపడేలా పెట్టు.

అన్నీ అయ్యాక మీ అమ్మ ఫోన్‌లోంచి, ఇంట్లో వైఫై ఆపేసి, ఒక ఆర్డరు పెట్టించు. యూపీఐ పిన్ కొట్టగానే బ్రౌజర్ మూసేయమను. డబ్బు కట్ అయి కూడా ఆర్డరు నీకు చేరలేదంటే కొట్టు అప్పుడే తెరవకు, గేట్‌వే సెట్టింగులు నాకు పంపు.

ఇట్లు
మామ, అనంతపురం