కుక్కతో కాటేజీ విహారం

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నాం. ఏప్రిల్‌లో ఒక వారాంతం కొండలోయల ప్రాంతమైన యార్క్‌షైర్ డేల్స్‌లోని పల్లెటూరి కాటేజీలో విశ్రాంతిగా గడపాలనుకుంటున్నాం. మా లాబ్రడార్‌ను వెంట తీసుకెళ్తే ఏ జాగ్రత్తలు అవసరం?
- ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. అయితే బుక్ చేసేముందు పెరటికి నాలుగు వైపులా గోడ ఉందా, గేటు కింద సందు ఉందా అని యజమానిని అడగండి. ఎందుకంటే ఏప్రిల్ అక్కడ గొర్రెలు ఈనే కాలం. ఎంత సాధువైన కుక్క తరిమినా, చూలు గొర్రె బెదిరి పిల్లను పోగొట్టుకోవచ్చు. మందను వేధిస్తున్న కుక్కను ఆపడానికి వేరే మార్గం లేనప్పుడు కాల్చిన రైతుకు 1971 నాటి జంతువుల చట్టం రక్షణ కల్పిస్తుంది. మార్చి 1 నుంచి జులై 31 వరకు, ప్రజలకు నడిచే హక్కున్న బీడు భూముల్లో, నేలమీద గూళ్లు కట్టే పక్షుల కోసం, 2 మీటర్లు మించని పట్టీతోనే కుక్కను నడిపించాలి. ఆవులు మీదికొస్తే మాత్రం పట్టీ వదిలేయండి. కుక్క తప్పించుకోగలదు, మీకూ ప్రమాదం తగ్గుతుంది.

సాయంత్రం కాటేజీకి రాగానే చెవుల వెనక, కాలివేళ్ల సందుల్లో వేళ్లతో తడిమి గోమార్లు ఉన్నాయేమో చూడండి. కనిపిస్తే నలపకుండా, వాటిని తీసే కొక్కెంతో మెల్లగా తిప్పి తీయండి.