యాంప్ కొంటున్నారా, యాప్ కొంటున్నారా?

క్రిస్మస్ దగ్గర పడేకొద్దీ ఒంగోలు, కావలి, నెల్లూరు నుంచి గిటార్ యాంప్ (గిటార్ సౌండు పెంచే పెట్టె) ప్రశ్నలు మొదలవుతాయి, ఊరు పేరు మారుద్ది గానీ ప్రశ్న మాత్రం అదే. ఈసారి కావలి తమ్ముడిది తీసుకుందాం.

"అన్నా, చర్చిలో లీడ్ వాయిస్తా. ముప్పై వేల దాకా పెట్టగలను. 15 వాట్ల ట్యూబ్ యాంప్ సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, అదే డబ్బులకి 40 వాట్ల కొత్త మోడలింగ్ యాంప్ వస్తోంది, వంద సౌండ్లు, బ్లూటూత్, ఫోన్ యాప్ అన్నీ ఉన్నాయి. ఏది తీసుకోను?"

ట్యూబ్ యాంప్ అంటే గాజు ట్యూబులతో సౌండు పెంచేది, మోడలింగ్ అంటే రకరకాల యాంప్‌ల సౌండుని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించేది. ముందు వాట్లు చూడ్డం మానెయ్ తమ్ముడూ. పవర్ డబుల్ చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెండింతలు మోగినట్టు అనిపించాలంటే దాదాపు పదింతల పవర్ కావాలి. కాబట్టి 15కీ 40కీ నువ్వనుకున్నంత తేడా లేదు, పైగా ట్యూబ్‌ది పూర్తిగా తిప్పితే సౌండు బరబరమనకుండా మెల్లగా క్రంచ్‌లోకి, అంటే వినసొంపైన గరుకుదనంలోకి పోద్ది, అందరూ టోన్ టోన్ అని కలవరించేది దానికోసమే. కానీ అది రావాలంటే వాల్యూమ్ పెంచాలి, ఇంట్లో పెంచావంటే పక్కింటామె గోడ దగ్గరికొచ్చి నిలబడుద్ది.

నీకైతే మోడలింగే నయం, లైన్ అవుట్ సాకెట్ ఉంటే చర్చిలో దాన్నుంచి వైరుతో నేరుగా మిక్సర్‌కి ఇచ్చేయొచ్చు, మైకు పెట్టే పని లేదు. ఒక్క షరతు. షాపులో వాడు చూపించే వంద సౌండ్లు వినొద్దు, నీ గిటార్ పట్టుకుపోయి ఎఫెక్టులన్నీ ఆపేసి ఒక్క క్లీన్ సౌండు మీద పది నిమిషాలు వాయించు, అది బాగోకపోతే మిగతా తొంభై తొమ్మిదీ దానికి పూసిన పౌడరే. స్పీకర్ ఎన్ని అంగుళాలో చూడు, ఎనిమిది అంగుళాల దానికీ పన్నెండు అంగుళాల దానికీ ఉన్న తేడా ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు. ఇంకోటి, తక్కువ సౌండులో మన చెవికి బేసూ ట్రెబులూ తక్కువగా వినపడతాయి, అందుకని రాత్రిపూట గదిలో కూర్చుని రెండూ పెంచి సెట్ చేసుకుంటాం, అదే సెట్టింగు ఆదివారం హాల్లో పెడితే బేసు గుమ్ముమని మోగి పాట మాటలే వినపడవు. ప్రీసెట్ (దాచుకునే సెట్టింగు) ఎప్పుడైనా వాయించే చోటే, వాయించే సౌండులోనే చెయ్యాలి.

ఇక నాకు నిద్ర పట్టనీకుండా చేసిన ప్రశ్న ఒంగోలు నుంచి వచ్చింది. ఆయన నాలుగేళ్ల కింద యాప్‌తో నడిచే యాంప్ కొన్నాడు, మొన్న ఫోన్ మార్చాడు, కొత్త ఫోన్‌లో ప్లే స్టోర్ ఆ యాప్ చూపించట్లేదు. కంపెనీ అప్‌డేట్ చెయ్యడం మానేస్తే కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లకి ప్లే స్టోర్ అట్టా దాచేస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఏపీకే (ప్లే స్టోర్ బయట నుంచి ఎక్కించుకునే యాప్ ఫైలు) పంపారు. "ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతోంది సార్, ఇవ్వొచ్చా?"

ఇవ్వొద్దు! యాంప్‌లో గెయిన్ తిప్పడానికి మీ మెసేజీలతో దానికేం పని? ఆండ్రాయిడ్ 11 దాకా బ్లూటూత్ వెతకడానికి లొకేషన్ అడిగేవాళ్లు, 12 నుంచి దగ్గరున్న పరికరాల పర్మిషన్ అని వేరే వచ్చింది, అంతవరకు సరే. ఎస్ఎంఎస్ ఇస్తే ఓటీపీ చేతికిచ్చినట్టే, యాక్సెసిబిలిటీ ఇస్తే అది మీ స్క్రీన్ చూస్తుంది, మీ బదులు తనే నొక్కుద్ది కూడా, ఆ ఫోన్‌లోనే గదా యూపీఐ ఉండేది. ఇప్పటికే ఇచ్చేసుంటే ముందు నెట్ కట్ చెయ్యండి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి, డబ్బులు పోయుంటే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి కొట్టండి, ఆ తర్వాత ఫోన్ మొత్తం రీసెట్. పాత ఫోన్ అమ్మకపోయుంటే సిమ్ తీసేసి, బ్యాంకు యాప్‌లన్నీ పీకేసి, యాంప్ కోసమే పక్కన పెట్టుకోండి.

అసలు నాకు మండేది వాడిన వాళ్ల మీద కాదు. సగం నాబ్‌లు పీకేసి రివర్బ్ (ప్రతిధ్వని) కూడా ఫోన్‌లోంచే మార్చమనే యాంప్ తయారుచేసినోడి మీద. యాభై ఏళ్ల నాటి యాంప్ ట్యూబులు, కెపాసిటర్లు మార్చుకుంటే ఇవాళ్టికీ పలుకుద్ది, నాలుగేళ్ల నాటిది ఫోన్ మారితే మూగబోతోంది. పైగా బ్లూటూత్‌కి పిన్ ఉండదు కొన్నిటికి. ఒక చర్చిలో రిహార్సల్ మధ్యలో, స్తుతి పాట నడుస్తుండగా, బయట అరుగు మీద కూర్చున్న కుర్రాడి ఫోన్ యాంప్‌కి కనెక్టయి కోళ్ల పందెం వీడియో మోగింది. పాస్టరు గారు కళ్లు తెరవలేదు, ప్రార్థనే గట్టిగా చేశారు.

చివరగా కందుకూరు నుంచి ఒకాయన, "మా బావ అమెరికా నుంచి ట్యూబ్ యాంప్ తెస్తున్నాడు, పిన్ను అడాప్టర్ చాలా?" చాలదండీ. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుందంతే, వోల్టేజీ కాదు, పెట్టారంటే ఫ్యూజు పోతే అదృష్టం, ట్రాన్స్‌ఫార్మర్ పోతే పొగ. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ యాంప్ కరెంటు నుంచి తీసుకునే వాట్ల కంటే పెద్దది. ఎర్తింగ్ సరిగా లేని ప్లగ్గులో పెట్టి మైకుకి పెదవులు ఆనిస్తే గిటార్ తీగల మీదుగా షాక్ కొడుద్ది, మూడో పిన్ను విరగ్గొట్టే అలవాటుంటే మానండి. బావ సూట్‌కేస్ తెరవగానే ముందు యాంప్ వెనక ప్లేటు ఫోటో తీసి నాకు పంపండి, ప్లగ్గు ఆ తర్వాత.