వాటర్ పోలోకి ఆడపిల్లని పంపొచ్చా? పంపండి, కానీ ముందు పూల్ లోతు కనుక్కోండి

ఎనిమిదో తరగతి చదివే మీ అమ్మాయి స్విమ్మింగ్ మానేస్తానంటోందని, కోచ్ మాత్రం వాటర్ పోలో, అంటే నీళ్లలో ఈదుతూ బంతిని గోల్‌లో వేసే ఆట, టీమ్‌లోకి పంపమంటున్నారని, ఆ ఆట ఆడపిల్లలకి ప్రమాదమేమోనని, శని ఆదివారాల్లో టోర్నమెంట్లంటూ ఊళ్లు తిప్పడం మంచిదేనా అని అడిగారు. పంపండి. ఇందులో రెండో మాట లేదు. ఎందుకో చెబుతాను, కాస్త పెద్దదే అవుతుంది.

మాది కోనసీమ, ముమ్మిడివరం దగ్గర. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి, వాటర్ పోలో ఆడుతోంది. ఆడపిల్లల టీమ్ బయట ఊరు వెళ్తే వెంట ఓ ఆడమనిషి ఉండాలి కదా, ఆ బాధ్యత నేను తీసుకున్నాను. పక్క జిల్లాలో ఆడినా, విజయవాడ వెళ్లినా వాళ్ల టవళ్లు, అరటిపళ్లు, ఆధార్ జిరాక్సులు అన్నీ నా సంచిలోనే.

మా అమ్మాయి కూడా మీ పాప వయసులోనే మానేస్తానంది. నాకు తెలిసి ఈత మానేసే ఆడపిల్లలు అందరూ ఆ వయసులోనే మానేస్తారు. బద్ధకం వల్ల కాదు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ "ఎంత నల్లబడిపోయావే" అనే పలకరింపు. జుట్టు ఊడిపోతోందని అమ్మమ్మ గోల. స్విమ్ సూట్ వేసుకుని బయటికొస్తే గట్టు మీద పనీ పాటా లేకుండా నిలబడి చూసే మగాళ్లు, ఫోన్లు తీసే మగాళ్లు. ఇన్ని ఓర్చుకుని నీళ్లలోకి దిగితే అక్కడేమో మాట్లాడేవాళ్లు ఉండరు. తల నీళ్లలో పెట్టి, అడుగున నల్లగీత చూసుకుంటూ అటూ ఇటూ తిరగడం, స్టాప్ వాచ్‌లో అర సెకను తగ్గిందా పెరిగిందా అని లెక్క పెట్టుకోవడం. ఆ వయసు పిల్లకి ఎన్నాళ్లు బాగుంటుంది? తోడున్న పిల్ల మానేసిన రోజున ఇదీ మానేస్తుంది.

వాటర్ పోలోలో ఆ ఒంటరితనం లేదు. గోల్ కీపర్‌తో కలిపి జట్టుకి ఏడుగురు నీళ్లలో ఉండాలి. మన ఊళ్లలో ఆడపిల్లల టీమ్ అంటే ఆ ఏడుగురి మీద ఇంకో ముగ్గురో నలుగురో ఉంటే గొప్ప. ఒకరు రాకపోతే ఆ రోజు ప్రాక్టీసు పాడైపోతుంది. తెల్లవారుజామున మా గేటు ముందు హారన్ కొట్టేది కోచ్ సారు కాదు, మా 3వ నంబరు పిల్లని స్కూటీ మీద తీసుకొచ్చే వాళ్ల నాన్న. పిల్లల్ని నేను టోపీ నంబర్లతోనే పిలుస్తాను, అలవాటైపోయింది. ఆ పిల్ల లోపలికొచ్చి, "ఆంటీ, ఇది రాకపోతే నాకు బాల్ ఎవరిస్తారు? లేపండి" అంటుంది. నేను ఎన్నిసార్లు అరిచినా లేవని మా అమ్మాయి ఆ మాటకి లేస్తుంది. ఈత మీద ఇష్టం తర్వాత సంగతి. ముందు, తను లేకపోతే ఇంకొకరికి లోటు అని ఆ పిల్లకి తెలియాలి. అది తెలిశాక మానెయ్యమన్నా మానదు. మా టీమ్‌లో ఏ తల్లిని అడిగినా ఇదే చెబుతుంది.

ఇక ప్రమాదం సంగతి. నీళ్లలో తోపులాట ఉంటుంది, కాదనను. బంతి చేతిలో ఉన్న పిల్లని పట్టుకోవచ్చు, నీళ్లలోకి నొక్కొచ్చు. బంతి చేతిలో లేని పిల్లని పట్టుకున్నా, ముంచినా, వెనక్కి లాగినా మాత్రం రిఫరీ తప్పు చేసిన అమ్మాయిని కొన్ని సెకన్లపాటు బయటికి పంపేస్తారు. అంతసేపూ వాళ్లు ఆరుగురితోనే నెట్టుకురావాలి. అలాంటి పెద్ద ఫౌళ్లు మూడైతే ఆ మ్యాచ్‌లో ఇక దిగడానికి లేదు. ఇద్దరు రిఫరీలు చెరో గట్టు మీద నడుస్తూ చూస్తుంటారు. చెవులకి దెబ్బ తగలకుండా టోపీకి ప్లాస్టిక్ గార్డులుంటాయి. గోరు గీతలు, మోచేతి దెబ్బలు తప్పవు. నేను చూసినంతలో మా స్కూల్ కబడ్డీ పిల్లలు ఇంతకన్నా ఎక్కువ దెబ్బలతో ఇంటికెళ్తారు, వాళ్ల గురించి మాత్రం ఎవరూ ఇలా అడగరు.

గోళ్లన్నాను కదా. మ్యాచ్‌కి ముందు పిల్లల్ని వరసగా నిలబెట్టి చేతులు, కాళ్లు చూస్తారు. గోళ్లు పెరిగి ఉంటే అక్కడికక్కడే కత్తిరించాలి. ఒంటికి నూనె కూడా ఉండకూడదు, పట్టుకుంటే జారిపోతారని. మనదేమో కొబ్బరి సీమ. మొన్న నవంబరు టోర్నమెంటుకి మా 5వ నంబరు పిల్లని వాళ్ల మామ్మగారు క్లోరిన్‌కి ఒళ్లు పాడైపోతుందని అంబాజీపేట నూనె మెడ నుంచి పాదాల దాకా పట్టించి పంపారు. రిఫరీ మేడమ్ ఆ పిల్ల భుజం మీద వేలితో ఓ గీత గీసి, వేలు చూసుకుని, "వెళ్లి సబ్బుతో రుద్దుకుని రామ్మా" అన్నారు. బాత్రూమ్‌లో స్నానం సబ్బు లేదు. బట్టల సబ్బు ముక్క దొరికితే దాంతోనే తోమాను. చెవి కమ్మలు, పట్టీలు ఎలాగూ తీసేశాం. మొలకి కట్టిన దిష్టి తాడు దగ్గరికొచ్చేసరికి ఆ పిల్లకి కళ్లలో నీళ్లు తిరిగాయి. నా పర్సులో వెంకటేశ్వరస్వామి ఫోటో పక్కన పెట్టి చూపిస్తే అప్పుడు దిగింది.

ఆ టోర్నమెంటే చెప్పాలి మీకు. పశ్చిమ డెల్టాలో ఓ ప్రైవేటు సంస్థ పూల్‌లో జరిగింది, పేరు అనవసరం. శనివారం పొద్దున్న తొమ్మిదింటికి మొదలన్నారు. పిల్లలు వార్మప్ చేసి పైకొచ్చారు. ముఖ్య అతిథి ఇంకా రాలేదని ఆపారు. పదకొండు దాటింది. చలిగాలిలో తడి సూట్లతో పళ్లు కొట్టుకుంటూ కూర్చున్న ముప్పై నలభై మంది ఆడపిల్లల ముందు శాలువాలు కప్పుకుని, ఫొటోలు దిగి, క్రీడలు ఆరోగ్యానికి ఎంత మంచివో అరగంట ప్రసంగించారు. ఆ ఆరోగ్యం వణుకుతూ ఎదురుగానే కూర్చుని ఉంది. పిల్లల పోటీలు పెట్టేవాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టి చెబుతున్నాను, ఆ శాలువా కార్యక్రమం సాయంత్రం పెట్టుకోండి.

పూల్ సంగతి ఇంకా ఘోరం. ఒక చివర తొమ్మిది అడుగులు, రెండో చివర నాలుగున్నర. పెద్ద పోటీలకి అంతటా రెండు మీటర్ల లోతు అడిగే ఆట ఇది. ఆడేవాళ్ల కాలు నేలకి తగలకూడదు, అదే ఈ ఆట ప్రాణం. నిలబడి ఆడినా, నేల మీద తన్ని ఎగిరినా ఫౌల్. గోల్ కీపర్‌కి ఒక్కరికే, తన గోల్ దగ్గర, నిలబడే హక్కుంది.

ఆదివారం మూడో స్థానం కోసం విజయవాడ పిల్లలతో మ్యాచ్. సగం ఆట అయ్యేసరికి 4-4. సగం తర్వాత రెండు జట్లూ గోల్స్ మార్చుకుంటాయి కాబట్టి లోతు లేని చివర మా గోల్ అయింది. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ బాగా పొడగరి. మా గోల్ ముందుకొచ్చిన ప్రతిసారీ నడుము దాకా పైకి లేచి కొడుతోంది. కాళ్లతో అంత ఎత్తు లేవడం అంత చిన్న పిల్లల వల్ల అయ్యే పని కాదు. నేల మీద తన్నుతోందని గట్టు మీద ఉన్న మా అందరికీ అర్థమైంది. రిఫరీకి కనబడాలి కదా. రెండో రోజుకి ఆ నీళ్లు తెల్లగా కలక బారిపోయాయి, మోకాలి కింద ఏం జరుగుతోందో కనబడదు. వరసగా రెండు గోల్స్. మా పిల్లలు చేతులెత్తి, "మేడమ్, నిలబడుతోంది మేడమ్" అని అరుస్తున్నారు. మా పక్కన కూర్చున్న తండ్రులు లేచి రిఫరీని తిట్టడం మొదలుపెట్టారు.

సారు టైమ్ అవుట్ తీసుకున్నారు. నిమిషమే ఉంటుంది. పిల్లలంతా గట్టు పట్టుకుని తలలెత్తి చూస్తున్నారు. ఆయన రిఫరీ మాటే ఎత్తలేదు. "ఆ పిల్ల వెనకాల ఉండి ఏడిస్తే లాభం లేదు. ముందుకెళ్లి కాయండి, బాల్ ఆ పిల్లకి అందకూడదు" అన్నారు. తర్వాత గోల్ కీపర్ పిల్లతో, "నువ్వు నిలబడొచ్చమ్మా, నీకు రూలుంది" అన్నారు. ఎర్ర టోపీ సర్దుకుంటూ ఆ పిల్ల ఏమందో తెలుసా? "నిలబడితే తలకాయ ఒక్కటే పైకొస్తోంది సార్. కాళ్లాడిస్తేనే ఛాతీ దాకా లేస్తున్నాను." నిజమే కదా! మా కీపర్ టీమ్ అందరిలోకీ పొట్టిది. గోల్ మూడు మీటర్ల వెడల్పు, నీళ్ల మీద మూడడుగుల ఎత్తు. నాలుగున్నర అడుగుల నీళ్లలో నిలబడితే ఆ పిల్ల చెయ్యి పై కర్రకి అందదు. ఎగ్ బీటర్ అంటారు, మోకాళ్లు మడిచి కవ్వం తిప్పినట్టు ఒక కాలు అటు, ఒక కాలు ఇటు మార్చి మార్చి తిప్పడం. రెండేళ్లు అదే పనిగా నేర్చుకున్న పిల్ల అది. అందరూ నిలబడే చోట నిలబడకుండా ఆడింది.

ఆఖరి క్వార్టర్‌లో మా 3వ నంబరు ఆ పొడుగు పిల్లకి ముందు చేరి ఒక్క పాస్ సరిగ్గా అందనివ్వలేదు. మా అమ్మాయి ఒకటి, 5వ నంబరు ఒకటి వేశారు. చివరికి 7-6, విజయవాడ వాళ్లు గెలిచారు. మాది నాలుగో స్థానం, పతకం లేదు. వ్యాన్‌లో తిరిగొస్తుంటే చించినాడ వంతెన దాటేదాకా ఆ ఏడో గోల్ ఎవరి వల్ల పడిందని గొంతులు చించుకుని కొట్లాడుకున్నారు. రావులపాలెం చక్కరకేళీల గెలలో సగం అయిపోయింది. సోమవారం పొద్దున్న మా గేటు ముందు మళ్లీ అదే హారన్.

అదే టోర్నమెంట్ మంచి పూల్‌లో జరిగుంటే గెలిచేవాళ్లమని నా గట్టి నమ్మకం. గెలుపు పక్కన పెట్టండి, నా అసలు బాధ వేరే ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి మన డెల్టాలో కాలువ పారని ఊరు లేదు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ అని నది మూడు పేర్లతో మన చుట్టూనే తిరుగుతుంది. మా అన్నయ్యలు లాకుల మీంచి దూకి ఈత నేర్చుకున్నారు. అదే కాలువలో మేము రేవు ఆఖరి మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకున్నాం. ఏటా పండగలకీ సెలవులకీ నదిలో మునిగిపోయిన పిల్లల వార్త పేపర్లో చూస్తూనే ఉంటాం. అయినా ఆడపిల్లకి ఈత ఎందుకని అడుగుతారు.

కాలువలో నేర్పించమని కూడా నేననను. ఇప్పుడు కాలువల నిండా గుర్రపు డెక్క, సీసా పెంకులు. పైగా పిల్లలకి వేసవి సెలవులిచ్చేసరికి కాలువలు కట్టేస్తారు, జూన్‌లో నీళ్లొదిలేసరికి బడులు తెరుస్తారు. అందుకే నియోజకవర్గానికి ఒకటైనా లోతున్న పూల్ కావాలి. ఆడపిల్లలకి సాయంత్రం ఓ గంట 'లేడీస్ బ్యాచ్' అని విదిలించడం కాదు, పొద్దున్న పూట మంచి టైమ్ ఇవ్వాలి. జాతీయ పోటీల్లో కేరళ అమ్మాయిలు ఎంత గట్టిగా ఆడతారో చూడండి. వాళ్లకీ ఉన్నది కాలువలూ కొబ్బరి చెట్లే.

ఆడవాళ్లని ఈ ఆటలోకి రానివ్వడమే ఆలస్యంగా రానిచ్చారు. ఒలింపిక్స్‌లో మగవాళ్ల వాటర్ పోలో 1900 నుంచి ఉంటే, ఆడవాళ్లది 2000లో సిడ్నీలో మొదలైంది. ఆసియా క్రీడల్లోకి రావడానికి 2010 దాకా ఆగాల్సొచ్చింది. మన మగవాళ్ల జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1970లో రజతం, 1982లో కాంస్యం తెచ్చింది. అలాంటి దేశంలో ఈ ఆట పేరు చెబితే మా స్టాఫ్ రూమ్‌లో "గుర్రాల మీద ఆడేదా?" అంటారు. మన పిల్లలు ఇంకా ఆ వెనకబాటులోంచే ఆడుతున్నారు.

తల్లులు అడగడానికి మొహమాటపడే సంగతి కూడా చెప్పేస్తాను. నెలసరి. మ్యాచ్ రోజే వస్తే ఏం చెయ్యాలన్నది పిల్ల ఇష్టం. దిగుతానంటే దానికి తగ్గ వస్తువులు ఉన్నాయి, ఇంట్లో ముందే అలవాటు చేసుకోవాలి. వద్దంటే బెంచీ మీద కూర్చుంటుంది, కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు. మగ కోచ్ ఎంత మంచివాడైనా పిల్లలు ఆయనకి నోరు తెరిచి చెప్పలేరు. నేను వెంట వెళ్లేది ముఖ్యంగా అందుకే.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇది. మీ పాప ఆడబోయే పూల్‌కి ఓసారి వెళ్లి రెండు చివర్లా లోతు అడగండి. బట్టలు మార్చుకునే గదికి లోపల గడియ ఉందో లేదో మీరే వేసి చూడండి. టీమ్‌తో వెళ్లే ఆడమనిషి ఎవరో కనుక్కోండి. ఎవరూ లేరంటే సెలవు పెట్టుకుని మీరే బయల్దేరండి. సంచిలో రెండు టవళ్లు, ఓ సబ్బు, ఉడకబెట్టిన గుడ్లు పెట్టుకోండి, మ్యాచ్ అయ్యేదాకా బిర్యానీ మాట ఎత్తకండి. గోళ్లు మాత్రం బుధవారమో గురువారమో తీసేయండి. శుక్రవారం దాకా ఆగితే మీ ఇంట్లో పెద్దవాళ్లు తియ్యనివ్వరు, శనివారం పొద్దున్న రిఫరీ దిగనివ్వదు.