తాళంచెవులన్నీ ముందు బల్లమీద పెట్టుకో

చి. అమ్ములుకు అత్తయ్య దీవించి వ్రాయునది.

నువ్వు బఫెలోలో 2007 నాటి హోండా సివిక్ కొన్నావనీ, దానికి రెండో రిమోట్ తెప్పించి నీ అంతట నువ్వే ప్రోగ్రామ్ చేసుకుంటానన్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకుంటే "చెయ్యి కోసుకుంటావే" అని లాక్కునేవారు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి ఆ మాట వినగానే నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆ తరువాత మన కుటుంబం వాట్సాప్ గ్రూపులో నువ్వు పెట్టిన ఫొటో చూశాను. కారు పక్కన నిలబడి, ఉన్న ఒక్క తాళంచెవిని కెమెరా ముందుకు చాచి పట్టుకున్నావు. ఆ ఫొటోను ముందు తీసెయ్యి. 2008లోనే శాండియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దూరం నుంచి తీసిన ఫొటోలను బట్టి ఇంటి తాళంచెవులకు నకలు చేయవచ్చని చూపించారు. నీ కారు తాళంచెవిలో చిప్ ఉంది కాబట్టి లోహపు నకలుతో ఇంజన్ నడవకపోవచ్చు గాని, తలుపు తెరిచి లోపలున్న ల్యాప్‌టాప్ తీసుకుపోవడానికి ఆ నకలు చాలు.

అసలు విషయానికి వస్తాను. నీ చేతిలో ఉన్నది చూడడానికి ఒక వస్తువే అయినా, ఒకే ఇంట్లో అద్దెకున్న ముగ్గురిలాగా అందులో ఒకరితో ఒకరికి సంబంధం లేని మూడు భాగాలున్నాయి. మొదటిది లోహపు పలక. అది తలుపునూ ఇగ్నిషన్‌నూ తిప్పుతుంది. రెండోది రిమోట్, అది బ్యాటరీతో నడుస్తూ తలుపులు తెరవడానికీ మూయడానికీ రేడియో సంకేతం పంపుతుంది. మూడోది ప్లాస్టిక్ తలలో దాగిన చిన్న చిప్. దానికి బ్యాటరీ అక్కరలేదు, ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే శక్తి తీసుకుని తన గుర్తింపును కారుకు చెబుతుంది. ఆ గుర్తింపు కుదరకపోతే డ్యాష్‌బోర్డు మీద ఆకుపచ్చ తాళంచెవి గుర్తు మిణుకుమిణుకుమంటుంది, ఇంజన్ నడవదు. నువ్వు ఇంట్లో కూర్చుని ప్రోగ్రామ్ చేయగలిగినది రిమోట్‌ను మాత్రమే. చిప్‌ను నమోదు చేయడానికి పరికరమున్న తాళాల పనివాడు, అంటే లాక్‌స్మిత్ గాని, డీలర్ గాని కావాలి. యూట్యూబ్ చూసి "తాళంచెవి ప్రోగ్రామ్ చేశాను" అనేవాళ్లలో చాలామంది చేసినది రిమోట్ పని మాత్రమే, ఆ సంగతి వాళ్లకు తెలిసేది ఉన్న ఒక్క తాళంచెవీ పోయిన రోజున.

రిమోట్ కొనేటప్పుడు బొమ్మ చూసి కొనవద్దు. పాత రిమోట్ మీద సన్నని అక్షరాలతో ఎఫ్‌సీసీ ఐడీ అని, అమెరికాలో రేడియో పరికరాలకు ఉండే గుర్తింపు సంఖ్య ఉంటుంది. కొత్తదాని మీద కూడా అక్షరం పొల్లుపోకుండా అదే ఉండాలి. ఒకే ఏడాది సివిక్‌లోనే ట్రిమ్, అంటే ఆ మోడల్‌లోని రకం, మారితే రిమోట్ మారుతుంది, పైకి మాత్రం రెండూ కవలల్లా కనిపిస్తాయి. మీ నాన్న గుంటూరులో ఎవరినో అడిగి చవకగా పంపిస్తానంటున్నాడు. సివిక్ మన దేశంలోకి కూడా 2006లోనే వచ్చింది కాబట్టి అక్కడి రిమోట్ ఇక్కడా పనిచేస్తుందని వాడి నమ్మకం. అమెరికా కార్ల రిమోట్లు చాలావరకు 315 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో పనిచేస్తాయి, మన దేశంలోనూ ఐరోపాలోనూ వాడేవి ఎక్కువగా 433.92 దగ్గర ఉంటాయి. పంపినా అది నీకు కీచైన్‌గా తప్ప పనికిరాదు. వాడికి నువ్వు చెబితే నొచ్చుకుంటాడు, నేనే చెబుతాను.

పాత ప్లాస్టిక్ డొక్కు విరిగిందని కొత్త డొక్కు కొని లోపలి సర్క్యూట్ మార్చుకునే పక్షంలో, చిప్ పాత డొక్కులోనే అతుక్కుని ఉండిపోలేదని చూసుకో. నల్లటి చిన్న ముక్క అది; ఎందుకూ పనికిరానిదనుకుని చెత్తబుట్టలో వేసినవాళ్లు నాకు తెలుసు. బ్యాటరీ సీఆర్1616, కొత్తది వేసుకో. పాతదాన్ని టేబుల్ మీద వదలవద్దు, మీ రూమ్మేట్ అక్కకూతురు నోట్లో పెట్టుకునే వయసులో ఉంది.

ప్రోగ్రామ్ చేసే పద్ధతి ఒక్క పేరాలో ముగుస్తుంది. తలుపులన్నీ మూసి లోపల కూర్చో. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్‌ను ఆన్ దగ్గరికి తిప్పి, రిమోట్ మీద లాక్ బటన్ నొక్కి, వెంటనే ఇగ్నిషన్ ఆపెయ్యి. ఒక్కొక్క మెట్టుకూ నాలుగు సెకన్లు దాటకూడదు. ఇలా మూడుసార్లు చేసి, నాలుగోసారి ఆన్ చేసి బటన్ నొక్కితే తలుపుల తాళాలు టక్కుమని కదులుతాయి. కారు నేర్చుకోవడానికి సిద్ధమైందని దాని అర్థం. అప్పుడు ఒక్కొక్క రిమోట్ మీద ఒకసారి బటన్ నొక్కు. నొక్కిన ప్రతిసారీ తాళాలు మళ్లీ కదలాలి. ఆలస్యమైతే మొదటి నుంచి చెయ్యి, పాడయ్యేదేమీ లేదు.

పాడయ్యేదేమీ లేదన్నాను గాని, ఒక్కటుంది. కారు నేర్చుకునే స్థితిలోకి వెళ్లిన మరుక్షణం అంతకుముందు దానికి తెలిసిన రిమోట్లన్నీ చెరిగిపోతాయి. కొత్త రిమోట్‌ను చేర్చుతున్నామని మనం అనుకుంటాం, కారు మాత్రం పాత జాబితా చింపేసి కొత్త జాబితా మొదలుపెడుతుంది. మీ మామయ్యకు ఈ సంగతి తెలియని రోజుల్లో జరిగినదాన్ని నీకు చెప్పాలి. నువ్వు ఎన్నో పండుగలకు మా ఇంటికి వచ్చినా ఆయన దీన్ని నీ చెవిన పడనివ్వలేదు.

నేను మిషిగన్‌లో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో తలుపు తాళాల సర్క్యూట్లు పరీక్షించే పనిలో ఉన్నప్పటి మాట. మా ఇద్దరికీ ఒకటే పాత కారు, ఆయన రిమోట్ ఎక్కడో పోయింది. నాకు రాత్రి షిఫ్టు వారం కాబట్టి పగలు కారు ఇంటి దగ్గరే ఉండేది. ఒక మధ్యాహ్నం నేను నిద్రపోతుండగా, నన్ను ఆశ్చర్యపరచాలని, కొత్త రిమోట్ తెప్పించి గ్యారేజీలో కూర్చుని దాన్ని కారుకు నేర్పేశారు. పనిచేసింది. నా రిమోట్ పడకగది అలమరలో నా చేతిసంచిలో ఉంది; దాన్ని కూడా తెచ్చుకుని ఒక్క బటన్ నొక్కి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. సాయంత్రం నేను బయలుదేరే వేళకు గ్యారేజీలో కారు తాళం వేసి లేదు, అందుకని నాకు అనుమానమే రాలేదు. ఫ్యాక్టరీ దగ్గర దిగేటప్పుడు లోపలి మీట నొక్కి తలుపు వేసేశాను.

తెల్లవారుజామున షిఫ్టు అయి బయటికి వస్తే మంచు, ఈదురుగాలి. రిమోట్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ అయిపోయిందనుకుని తాళంచెవిని తలుపులో పెట్టాను. ఆ తలుపును మేమెప్పుడూ రిమోట్‌తోనే తీసేవాళ్లం. ఏళ్ల తరబడి తిప్పని ఆ తాళం, రోడ్ల మీద చల్లే ఉప్పుకూ తడికీ లోపల బిగుసుకుపోయి ఉంది. చెవి వంగుతోంది గాని తాళం కదలడం లేదు. అప్పటికి నా షిఫ్టువాళ్లందరూ వెళ్లిపోయారు. దీపాలున్న ఆ ఖాళీ పార్కింగ్ స్థలంలో దూరంగా ఒక ట్రక్కు ఇంజన్ ఆపకుండా నిలబడి ఉండడం చూసి నాకు చలి కంటే ఎక్కువ వణుకు పుట్టింది. గేటు దగ్గరి గార్డు లోపలికి రానిచ్చి ఫోన్ చేసుకోనిచ్చాడు. పొరుగింటాయన కారులో మీ మామయ్య మేజోళ్లైనా లేకుండా ఇంటి చెప్పులతోనే వచ్చి మంచులో దిగి, తన కొత్త రిమోట్ నొక్కారు. తలుపు తెరుచుకుంది. "చూశావా, బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అన్నారు. నేను ఇంటికి చేరేదాకా మాట్లాడలేదు. ఆ మర్నాడు ఆయన తలుపు తాళం సులువుగా తిరగడానికి దానిలో గ్రాఫైట్ పొడి వేస్తూ చాలాసేపు కూర్చున్నారు, అది కూడా నేను చెప్పకుండానే.

కాబట్టి ఇంట్లో ఉన్న రిమోట్లన్నింటినీ ముందు బల్లమీద పెట్టుకుని, అన్నీ కారులోకి తెచ్చుకున్నాకే ఇగ్నిషన్ తిప్పు. రెండూ పనిచేస్తున్నాయో లేదో కారు బయట నిలబడి విడివిడిగా నొక్కి చూడు, అంతవరకూ తలుపు అద్దం దించి ఉంచు. నెలకొకసారైనా డ్రైవర్ తలుపును లోహపు చెవితో తిప్పి తీస్తూ ఉండు. బఫెలో మంచు గురించి నువ్వు విన్నది తక్కువ, చూడబోయేది ఎక్కువ.

మామయ్యను ఇబ్బంది పెట్టిన ఆ చెరిగిపోవడమే నీకు మేలు కూడా చేస్తుంది. నీ కారుకు నీ కంటే ముందు ఎందరు యజమానులున్నారో, వాళ్ల సొరుగుల్లో ఎన్ని రిమోట్లు మిగిలి ఉన్నాయో మనకు తెలియదు. నువ్వు ప్రోగ్రామ్ చేయగానే అవన్నీ మూగబోతాయి. వాళ్ల చిప్‌లను కూడా జాబితా నుంచి తీసెయ్యమని లాక్‌స్మిత్‌ను అడుగు. కొత్త చిప్ నమోదు చేసే పరికరంతోనే ఆ పనీ అవుతుంది.

ఆ లాక్‌స్మిత్ పనిని వాయిదా వేయవద్దని మరీ మరీ చెబుతున్నాను. ఒక తాళంచెవి చేతిలో ఉండగా రెండోది చేయించుకోవడం చిన్న పని. ఉన్న ఒక్కటీ పోయాక చేయించాలంటే కారును లాగించుకుని పోవాలి, లేదా వచ్చినవాడు అడిగినంత ఇవ్వాలి. ఇంటర్నెట్‌లో అతి తక్కువ ధర చూపించి, వచ్చాక ఎన్నోరెట్లు అడిగే లాక్‌స్మిత్‌ల గురించి అమెరికా ప్రభుత్వపు వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా హెచ్చరించింది. దుకాణం, చిరునామా ఉన్నవాడి దగ్గరికి పగటిపూట నువ్వే వెళ్లు. చెవి కోయడం, చిప్ నమోదు, పన్ను అన్నీ కలిపి ఎంతో ముందే రాయించుకో. రిజిస్ట్రేషన్, లైసెన్సు వెంట తీసుకుపో. అవి అడగకుండానే తాళంచెవి చేసిచ్చేవాడు నీ కారుకు ఇంకెవరికైనా కూడా చేసిస్తాడు.

చలికాలం వస్తోంది కాబట్టి ఇంట్లో నుంచే ఇంజన్ స్టార్ట్ చేసే పరికరం పెట్టించుకోమని నీ స్నేహితులు చెబుతారు. పాత కార్లకు దాన్ని చవకగా బిగించేవాళ్లు కొందరు, చిప్ ఉన్న తాళంచెవినొకదాన్ని డ్యాష్‌బోర్డు లోపల దాచేసి పని కానిస్తారు. ఆ తరువాత దొంగకు చిప్ అడ్డమే ఉండదు. అలాంటిది పెట్టించే ముందు నాతో మాట్లాడు.

రెండో తాళంచెవి ఖర్చు నాది. నువ్వు వద్దంటావని తెలిసే నిన్ననే నీ ఖాతాకు పంపేశాను, ఈ విషయంలో నాతో వాదించవద్దు. మీ నాన్నకు మాత్రం డబ్బు సంగతి చెప్పకు, గుంటూరు రిమోట్ సంగతి నేను చెప్పేదాకా ఆగు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య