పేలిన నక్షత్రంతో టెలిస్కోపును సరిచూడటమేంటి?

"సూపర్‌నోవా శిథిలాల సంగతి తెలుసుకోవడానికే కదా ఎక్స్‌రే టెలిస్కోపును పైకి పంపింది, మళ్లీ ఆ శిథిలంతోనే దాన్ని సరిచూడటమేంటి?" అని అడిగారు. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో సరిగ్గా ఇక్కడే పప్పులో కాలేశాను కాబట్టి చెబుతున్నా.

మాది గుంటూరు. నాన్న మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో గుమాస్తా. టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా ఎక్కకముందే ముద్ర వేసిన 20 కిలోల రాయి పెట్టి చూసేవారు. ఆకాశంలో ఆ రాయి శిథిలం కాదు, అందులోని పరమాణువు. 1572లో జనం కళ్లారా చూసిన పేలుడు మిగిల్చిన టైకో శిథిలాన్నే తీసుకోండి. అదెంత దూరాన ఉందన్న దానిపై ఇంకా వాదనలున్నాయి. ఉంటే ఉండనీయండి. ఎలక్ట్రాన్లు చాలామటుకు ఊడిపోయిన సిలికాన్ 1.86 కేఈవీ (ఎక్స్‌రే శక్తికి కొలమానం) దగ్గర గీత గీస్తుంది, అంటే సరిగ్గా ఆ శక్తి దగ్గరే ఎక్కువగా వెలుగుతుంది, గంధకం 2.45 దగ్గర. భౌతికశాస్త్రం ఎప్పుడో లెక్కకట్టిన విలువలివి, టైకోను అడిగి తెచ్చుకున్నవి కావు.

నా ప్రాజెక్టులో ఇస్రో ఉపగ్రహం ఆస్ట్రోశాట్ మీదున్న సాఫ్ట్ ఎక్స్‌రే టెలిస్కోపు డేటా తీశాను. సిలికాన్ గీత 1.83 దగ్గర వచ్చింది. డాప్లర్ లెక్క (దూరంగా పోయే వస్తువు వెలుగు శక్తి తగ్గినట్టు కనిపిస్తుంది) వేస్తే ఆ వాయువంతా సెకనుకు 4,800 కిలోమీటర్ల వేగంతో మననుంచి దూరంగా పోతున్నట్టు తేలింది! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే సార్‌కి చూపిస్తే ఒకటే అడిగారు: "గంధకం ఎంత జరిగింది?" అదీ 0.03 జరిగింది. నిజంగా వేగమే కారణమైతే శక్తి పెరిగేకొద్దీ జరుగుడూ పెరగాలి, గంధకం 0.04 జరగాలి. రెండూ ఒకేలా జరిగాయంటే కాటా ముల్లే సున్నా మీద లేదన్నమాట. నా నక్షత్రం అక్కడితో చప్పున ఆరిపోయింది.

కింద ల్యాబులో సరిచూసే పంపారు కదా అంటారా? పైన రేడియేషన్ తగిలి ఎక్స్‌రేలను పట్టే సీసీడీ చిప్పు పాడవుతూ ఉంటుంది. అందుకే దాని మూలల్లో ఎక్స్‌రేలు వెదజల్లే రేడియోధార్మిక ఐరన్-55 ముక్కలు పెట్టారు. వాటి గీత 5.9 దగ్గర. దాని అర్ధాయువు 2.7 ఏళ్లు, ఆస్ట్రోశాట్ వెళ్లింది 2015 సెప్టెంబరులో. పదేళ్లకు పదో వంతు కూడా మిగలదు. పైగా 50 కిలోల దగ్గర సరిగ్గా చూపే కాటా 2 కిలోల దగ్గర తప్పు చూపొచ్చు. చిన్న శక్తుల దగ్గర టైకో ఆదుకుంటుంది. నాసా ఎక్స్‌రే టెలిస్కోపు చంద్రా ఫిల్టరు మీద ఏళ్ల తరబడి పేరుకుంటున్న పొరను కొలవడానికి చిన్న మెగెల్లానిక్ మేఘం అనే పొరుగు గెలాక్సీలోని ఈ0102 శిథిలపు ఆక్సిజన్, నియాన్ గీతలను చూస్తుంటారు.

మీ అనుమానం నిజంగా తగిలే చోటు వేరే ఉంది. గీత ఎక్కడుందో పరమాణువు చెబుతుంది గానీ, ఎంత వెలుగు రావాలో చెప్పదు. దానికి ఏళ్లపాటు క్రాబ్ నెబ్యులా అనే మరో సూపర్‌నోవా శిథిలాన్నే కొలతగా వాడారు. తీరా 2008 నుంచి రెండేళ్లలో గట్టి (ఎక్కువ శక్తి గల) ఎక్స్‌రేల్లో అది 7 శాతం దాకా మసకబారింది. ఫెర్మీ, స్విఫ్ట్, ఆర్‌ఎక్స్‌టీఈ, ఇంటెగ్రల్ అనే నాలుగు ఉపగ్రహాలూ అదే చూపాయి కాబట్టి తేడా రాయిలోనే ఉందని తేలింది. ఒక్క టెలిస్కోపే ఉండుంటే నాలాగే ఎవరో ఒకరు నిద్ర పోగొట్టుకునేవారు.

ఆస్ట్రోశాట్ పాత డేటా ఎవరైనా తీసుకోవచ్చు. ఎక్స్‌స్పెక్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో గెయిన్ ఫిట్ (శక్తి కాటాను సరిచేసే ఆదేశం) పెట్టి, వాలు 1 దగ్గర బిగించి, ఆఫ్‌సెట్‌ను (అన్ని గీతలకూ ఒకేలా వచ్చే జరుగుడును) మాత్రం బిగించకుండా దానంతటది కుదురుకోనివ్వండి. నేను మొదటిరోజే చేయాల్సిన పని అది.